బ్యాలెన్స్ బైక్ మీద కూర్చోని పాప: లోపం బండిలో ఉందా, నేర్పే తీరులో ఉందా?

ప్రశ్న: చిట్టిచక్రం

అందరికీ నమస్కారం. మా పాపకు రెండేళ్ల పది నెలలు. పెడళ్లు లేని బ్యాలెన్స్ బైక్ కొని మూడు వారాలు గడిచాయి. మొదటి రోజు ఎంతో ఉత్సాహంగా పట్టుకుంది గానీ, ఇప్పటివరకు సీటు మీద కుదురుగా కూర్చున్నది లేదు. సీటుకు ముందు నిలబడి, బండిని కాళ్ల మధ్య ఉంచుకుని, హ్యాండిల్ పట్టుకుని చిన్న చిన్న అడుగులతో దాన్ని నడిపించుకుంటూ వెళ్తుంది. కూర్చోమంటే ఒక్క క్షణం కూర్చుని, బండి ఒక పక్కకు ఒరగగానే దిగిపోతుంది. నేను ఒక చేత్తో హ్యాండిల్‌ను, మరో చేత్తో సీటును పట్టుకుని నెమ్మదిగా తోసినంతసేపూ నవ్వుతూ కూర్చుంటుంది. చేయి తీసిన మరుక్షణం కాళ్లు ఆనించి నిలబడిపోతుంది.

పాప బరువు 12.5 కిలోలు. బండి బరువు 5.2 కిలోలు, ఇనుప చట్రం, 12 అంగుళాల గాలి టైర్లు, వెనక చక్రానికి చేతి బ్రేకు ఉన్నాయి. ముందు ఒక బుట్ట, కింద ఒక స్టాండు కూడా బిగించి ఇచ్చారు. సీటు ప్రస్తుతం నేలకు 36 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. కూర్చున్నప్పుడు మునివేళ్లు నేలకు తగులుతున్నాయి.

పాప ఈడు పిల్లవాడొకడు సైడు చక్రాలున్న సైకిలు మీద పెడళ్లు తొక్కుతూ ధీమాగా తిరుగుతుంటే, మేము ఎంచుకున్న దారి సరైనదేనా అన్న సందేహం కలుగుతోంది. ఇంకొంత కాలం ఓపిక పట్టాలా, లేక సైడు చక్రాల సైకిలుకు మారాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: పానా చేతిలో

మునివేళ్లు నేలకు తగులుతున్నాయని మీరు రాసిన మాటలోనే సగం జవాబు ఉంది. పెడళ్లున్న సైకిలుకు సీటు ఆ ఎత్తులో ఉన్నా ఫరవాలేదు, ఎందుకంటే అక్కడ కాళ్లకు పని పెడళ్ల మీద. ఈ బండికి మాత్రం ఇంజనూ కాళ్లే, బ్రేకూ కాళ్లే, ఒరిగినప్పుడు ఆపుకునే ఊతమూ కాళ్లే. మునివేళ్ల మీద ఆని ఉన్న పిల్లకు నేలను వెనక్కి తన్నే బలం దొరకదు. బండి ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క కాలు ఆనినా బరువును మోయలేదు. కూర్చుని దిగిపోవడం భయపడటం కాదు, ఆ ఎత్తులో అది తెలివైన పనే.

కొలత ఇలా తీసుకోండి. పాపకు బూట్లు తొడిగి, వీపు గోడకు ఆనించి నిలబెట్టండి. సన్నటి అట్ట పుస్తకం ఒకదాన్ని కాళ్ల మధ్య నిలువుగా పెట్టి, ఒక అంచు గోడకు ఆని ఉండేలా, పైకి తగిలేవరకు జరపండి. నేల నుంచి పుస్తకం పై అంచు వరకు ఉన్న దూరమే ఆమె కాలి కొలత. సీటు పైభాగం దానికంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి. కూర్చున్నప్పుడు రెండు అరికాళ్లూ పూర్తిగా నేల మీద ఆని, మోకాళ్లు కొద్దిగా వంగి ఉంటే కొలత సరిపోయినట్టే. సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే పిల్ల ముందుకు జారుతూ బరువంతా చేతుల మీద మోపుతుంది.

ఇక బరువు. పిల్లల బండి బరువు పిల్ల బరువులో మూడో వంతుకు మించకుండా, వీలైతే 30 శాతం లోపే ఉండేలా చూసుకోమని సైకిళ్లు బాగుచేసే మా పనిలో ఉన్నవారు చెబుతారు. మీ పాప విషయంలో 30 శాతం అంటే 3.75 కిలోలు, మీ బండి 40 శాతం దాటింది. ఇది చట్టమేమీ కాదు, చేతి అంచనా మాత్రమే, అయినా డెబ్బై కిలోల మనిషికి ఇరవై ఎనిమిది కిలోల సైకిలు ఇచ్చి తొక్కమంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటే పాప పరిస్థితి అర్థమవుతుంది. బండిని మార్చమని అనడం లేదు. ముందుగా ఆ బుట్టనూ స్టాండునూ తీసివేయండి. స్టాండు బరువుతో పాటు, వెనక్కి తన్నే కాలి మడమకు అడ్డం కూడా. ఆ తర్వాత గాలి చూడండి. మెత్తబడిన టైరు బండిని వెనక్కి లాగుతుంది. గాలి ఎంత ఉండాలన్నది టైరు పక్క గోడ మీద అచ్చు వేసి ఉంటుంది. చిన్న పిల్లకు దానిలో పై హద్దు వరకు కొట్టవలసిన అవసరం లేదు, బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా మాత్రమే లోపలికి పోయేలా ఉంటే చాలు.

చివరిగా ఒక మాట, దయచేసి నొచ్చుకోకండి. మీ చేయి హ్యాండిల్ మీద ఉండకూడదు.

జవాబు: పాత సైకిలు

పానా చేతిలో గారు చివర్లో క్లుప్తంగా చెప్పి వదిలేసిన విషయానికి కారణం కూడా తెలిస్తే మీకు ఓపిక పట్టడం సులువవుతుందని రాస్తున్నాను.

సైకిలు మీద నిలకడ అంటే ఒంటిని బిగించి నిటారుగా కూర్చోవడమని చాలామంది అనుకుంటారు. నిజానికి సైకిలు ఎప్పుడూ ఏదో ఒక పక్కకు ఒరుగుతూనే ఉంటుంది. ఎడమకు ఒరిగితే హ్యాండిల్‌ను ఎడమకే తిప్పాలి. అప్పుడు చక్రాలు ఒంటి కిందికి వచ్చి బండి మళ్లీ లేస్తుంది. అరచేతిలో కర్రను నిలబెట్టి ఆడేవాడు కర్ర ఎటు వాలితే చేతిని అటే జరిపినట్టు, ఇది క్షణక్షణమూ జరిగే చిన్న చిన్న దిద్దుబాట్ల పని. మలుపు తిరగడంలో మరింత చిత్రం ఉంది: ఎడమకు తిరగదలచుకున్నవాడు ముందుగా, తనకే తెలియకుండా, హ్యాండిల్‌ను ఒక్క రవ్వ కుడికి తిప్పుతాడు, దానితో ఒళ్లు ఎడమకు వాలుతుంది, అప్పుడు హ్యాండిల్ ఆ వాలును అనుసరించి ఎడమకు వస్తుంది. పెద్దవాళ్లలో నూటికి తొంభైమంది ఈ సంగతి చెబితే నమ్మరు, అయినా రోజూ చేస్తూనే ఉంటారు. ఇది మాటలతో నేర్పగలిగే విద్య కాదు. చేతులూ నడుమూ కలిసి వందలసార్లు తప్పి నేర్చుకునే విద్య. మీరు హ్యాండిల్ పట్టుకున్నప్పుడు ఆ దిద్దుబాట్లన్నీ మీ చేయే చేస్తుంది, పాప ప్రయాణికురాలిగా మాత్రమే కూర్చుంటుంది. మీరు చేయి తీయగానే ఆగిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

సైడు చక్రాల సైకిలు ఇక్కడే తిరకాసు పెడుతుంది. అది ఒరగదు, అంటే చూడటానికి రెండు చక్రాల బండే గానీ నడవడంలో మూడు చక్రాల బండి. దాని మీద హ్యాండిల్ ఎడమకు తిప్పితే ఒళ్లు కుడికి విసిరినట్టవుతుంది. రెండు చక్రాల సైకిలు మీద పిల్ల చేయవలసిన పని ఒరిగిన వైపుకు తిప్పడం. సైడు చక్రాల మీద చేతులకు అలవాటయ్యేది దానికి సంబంధం లేని పని. ఆ చక్రాలు తీసిన రోజున పిల్ల కొత్తది నేర్చుకోవడమే కాక, పాతది మరిచిపోవలసి కూడా వస్తుంది.

చరిత్ర కూడా ఈ వరుసలోనే నడిచింది. కార్ల్ డ్రైస్ అనే జర్మన్ 12 జూన్ 1817న మన్‌హైమ్‌లో తొలిసారి నడిపి చూపించిన చెక్క బండికి పెడళ్లు లేవు; రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటి ఉండేవి, ముందు చక్రం ఇటూ అటూ తిరిగేది, మనిషి కూర్చుని కాళ్లతో నేలను తన్నుతూ పరుగెత్తేవాడు. దాదాపు 22 కిలోల బరువున్న ఆ బండితో ఆయన ఏడు కిలోమీటర్ల దూరాన ఉన్న మజిలీ వరకు వెళ్లి తిరిగి వచ్చాడు. ముందు చక్రానికి పెడళ్లు అమరి ఆ బండ్లు పారిస్‌లో అమ్మకానికి వచ్చినది 1860లలో. నిలకడ ముందు, పెడలు తర్వాత. మధ్యలో దాదాపు అర్ధశతాబ్దం. మీవి మూడు వారాలే.

(కొంచెం దారి తప్పుతున్నాను గానీ, తిరిగే చక్రాలకుండే బొంగరపు గుణమే సైకిలును నిలబెడుతుందని పుస్తకాల్లో చదివినవారు ఉంటారు. డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2011లో ఆ గుణాన్ని వ్యతిరేక దిశలో తిరిగే చక్రాలతో రద్దుచేసిన ఒక బండిని తయారుచేసి, మనిషి లేకుండానే అది నిలకడగా సాగుతుందని చూపించారు. అది కూడా ఒరిగిన వైపుకు ముందు చక్రాన్ని తనంతట తానే తిప్పుకుంటుంది.)

జవాబు: ఇద్దరి అమ్మ

నా ఇద్దరు పిల్లలూ ఇలాంటి బండి మీదే నేర్చుకున్నారు. పెద్దవాడికి రెండేళ్లు నిండగానే ఇచ్చాము. వాడు దాదాపు రెండు నెలలు మీ పాపలాగే నిలబడి నడిపించాడు. చిన్నదానికి మూడున్నరేళ్లకు ఇస్తే వారంలో కాళ్లు ఎత్తేసింది. కాబట్టి మూడు వారాలన్నది లెక్కలోకి తీసుకోవలసిన కాలం కాదు. నిలబడి నడిపించడం కూడా నేర్చుకోవడంలో భాగమే. హ్యాండిల్ ఎంత తిప్పితే బండి ఎంత తిరుగుతుందో ఆ దశలోనే తెలుస్తుంది.

ఆ తర్వాత కూర్చుని నడుస్తారు, అయితే పిరుదులు సీటు మీద ఉన్నా బరువు ఇంకా కాళ్ల మీదే ఉంటుంది. ఒక రోజు ఎందుకో తొందర పుట్టి అడుగులు సాగుతాయి, నడక పరుగవుతుంది. రెండు అడుగుల మధ్య రెండు కాళ్లూ ఒక్క లిప్తపాటు గాలిలో ఉంటాయి, ఆ లిప్త రోజురోజుకూ పెరుగుతుంది. ఈ వరుసలో దేన్నీ మనం తోసి తేలేము. "కాళ్లు ఎత్తు, కాళ్లు ఎత్తు" అని నేను పెద్దవాడి వెంటపడినన్నాళ్లూ వాడు బండి ముట్టుకోవడమే మానేశాడు. నా నోరు మూసుకున్నాక వచ్చింది.

మాకు పనికొచ్చినవి చెబుతాను. రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు, ఇంకా ఆడాలని ఉండగానే ఆపేస్తే మర్నాడు తామే అడుగుతారు. నేల నున్నగా, గట్టిగా ఉండాలి. పడితే దెబ్బ తగలదని నేను మొదట గడ్డి మీదికి తీసుకువెళ్లాను, అది పొరపాటు. గడ్డిలో చక్రం కదలదు, కదలని బండి మీద నిలకడ రాదు. సుద్దముక్కతో నేల మీద మెలికల గీత గీసి దాని వెంట రమ్మంటే, హ్యాండిల్ తిప్పడం ఆటలో కలిసిపోయింది. అడుగులు బాగా సాగాక, కంటికి కనిపించీ కనిపించని వాలు ఒకటి చూసుకోండి. కింద చదునైన నేల చాలా దూరం ఉండాలి, వాలు చివర రోడ్డు గానీ గోడ గానీ ఉండకూడదు. ఆ వాలే మీరు చెప్పదలచుకున్నదంతా చెబుతుంది.

మీ చేయి ఊరుకోకపోతే, వెనక నడుస్తూ చంకల కింద రెండు చేతులూ తగిలీ తగలకుండా ఉంచండి. బండిని కాదు, పిల్లను పట్టుకోవాలి.

కాలి బొటనవేళ్లు రాసుకుపోకుండా ముందు భాగం మూసి ఉన్న బూట్లు వేయండి, ఎందుకంటే మొదట్లో ఆపడమంతా బూట్లతోనే. హెల్మెట్ మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. కనుబొమలకు రెండు వేళ్ల పైన దాని అంచు ఉండాలి, పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు మాత్రమే దూరాలి. బండి దిగి జారుడుబల్ల ఎక్కడానికి పరుగెత్తితే మాత్రం హెల్మెట్ వెంటనే తీసేయండి. కడ్డీల మధ్య ఒళ్లు దూరి తల చిక్కుకుంటే ఆ పట్టీ మెడకు ఉరి అవుతుంది.

జవాబు: మూడు చక్రాలు

పై మాటలన్నీ సరైనవే అయినా, సైడు చక్రాలను మరీ దోషిని చేయడం నాకు నచ్చలేదు. మా వాడు వాటి మీదే మొదలుపెట్టాడు, ఒక ఏడాది సంతోషంగా తిరిగాడు, పెడలు తొక్కడం వాడికి పూర్తిగా వచ్చేసింది. నిలకడ రాలేదన్నది నిజమే. ఐదో ఏట ఆ చక్రాలతో పాటు పెడళ్లు కూడా తీసేసి, సీటు కిందికి దించి, అదే సైకిలును బ్యాలెన్స్ బైక్‌గా మార్చి ఇచ్చాము. పెడళ్లు బిగించి ఉండే క్రాంకు చేతులు పిక్కలకు తగులుతున్నాయని వాడు రెండు రోజులు గొణిగాడు, మూడో వారానికి పెడళ్లు మళ్లీ బిగించాము. పిల్లకు ప్రస్తుతం తిరగడంలోనే ఆనందం ఉంటే మూడు చక్రాల బండి ఒకటి ఇచ్చినా తప్పు లేదు. అది తాను రెండు చక్రాల సైకిలునని నటించదు. అయితే మీ దగ్గర ఇప్పటికే బండి ఉంది కాబట్టి, సీటు దించి చూడకుండా మరొకటి కొనవద్దనే నేనూ అంటాను.

చిట్టిచక్రం:

అందరికీ ధన్యవాదాలు. ఐదు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను.

బూట్లతో కొలిస్తే పాప కాలి కొలత 35.5 సెంటీమీటర్లు వచ్చింది. అంటే నేను సీటును ఆమె కాలి కంటే ఎత్తులో పెట్టి కూర్చోమంటున్నాను! 33కు దించాను, బుట్టనూ స్టాండునూ తీసేశాను. నాలుగో రోజున, ఎవరూ ఏమీ అనకుండానే, కూర్చుని నడిచింది. పట్టుకోకుండా ఉండటానికి నేను చేతులు వెనక్కి కట్టుకుని నడవవలసి వచ్చిందని ఒప్పుకుంటున్నాను. ఒకసారి మెల్లగా పక్కకు పడి, మోచేయి చూసుకుని, నా వంక చూసి, నేను ఏమీ అనకపోయేసరికి తనే లేచింది. ఇప్పుడు చిన్న వాలు మీద ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు రెండు కాళ్లూ పైకెత్తి వస్తోంది. వాలు చివర బూట్లు నేలకు రాసి ఆపుతుంది, కొత్త బూట్ల అడుగులు అప్పుడే అరిగాయి.

రెండు సందేహాలు మిగిలాయి. చేతి బ్రేకు ఇప్పుడే నేర్పాలా? పెడళ్ల సైకిలు ఎప్పుడు కొనాలి, కొన్నాక అందులో ప్రత్యేకంగా నేర్పవలసింది ఏమిటి?

జవాబు: పానా చేతిలో

సంతోషం. సీటు కొలత నెలకోసారి మళ్లీ చూడండి, ఈ వయసులో కాళ్లు త్వరగా పెరుగుతాయి. మోకాళ్లు ఎక్కువగా వంగిపోతుంటే సెంటీమీటరు చొప్పున పెంచండి.

బ్రేకు విషయంలో తొందర లేదు గానీ, వాలు పెరిగేకొద్దీ బూట్లు చాలవు. మొదట లీవరు పాప వేళ్లకు అందుతోందో లేదో చూడండి. లీవరు మొదట్లో చిన్న మర ఉంటే దాన్ని బిగించిన కొద్దీ లీవరు హ్యాండిల్‌కు దగ్గరవుతుంది. మూడేళ్లు దాటేవరకు చాలామంది పిల్లల పిడికిలికి ఆ బలం రాదు. వచ్చాక బండి ఎక్కకుండానే మొదలుపెట్టండి: పాప పక్కన నడుస్తూ బండిని తోస్తుంది, మీరు ఆగమనగానే లీవరు నొక్కుతుంది, వెనక చక్రం ఆగడం కళ్లతో చూస్తుంది. ఆ తర్వాత కూర్చుని, నేల మీద గీసిన గీత దగ్గర ఆగడం.

పెడళ్ల సైకిలుకు వయసు గుర్తు కాదు. కాళ్లు పైకెత్తి ఉంచుతూనే మలుపు తిరగగలిగి, కోరిన చోట బ్రేకుతో ఆపగలిగితే అప్పుడు సిద్ధమైనట్టు. "పెరిగాక సరిపోతుంది" అని పెద్దది కొనకండి. కొత్తలో సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగాలూ నేలకు గట్టిగా ఆనాలి. బాగా తొక్కడం వచ్చాక సీటు కొంత పెంచవచ్చు. సైకిలుతో పాటు సైడు చక్రాలు వస్తే వాటిని పెట్టెలోనే ఉంచండి. వెనక్కి తొక్కితే బ్రేకు పడే రకం సైకిలైతే కొంచెం ఆలోచించండి. బ్యాలెన్స్ బైక్ నుంచి వచ్చిన పిల్లలు మొదట్లో కాళ్లను ముందుకూ వెనక్కీ ఆడిస్తారు, ఆ ఆటలో బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పైగా బయలుదేరే ముందు పెడలును వెనక్కి తిప్పి సరైన చోట పెట్టుకోవడం అందులో కుదరదు.

నిలకడ వచ్చిన పిల్లకు కొత్తగా నేర్పవలసింది బయలుదేరడం ఒక్కటే. ఒక పెడలును పైకీ ముందుకూ మధ్యలో, గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోట పెట్టాలి; ఆ పాదం దాని మీద, రెండోది నేల మీద. పైపాదంతో బలంగా ఒక్క తొక్కు తొక్కితే వచ్చే వేగంలో రెండో పాదం తన పెడలును వెతుక్కుంటుంది. కిందికి చూడకుండా దూరంగా చూడమని మాత్రం చెప్పండి, ఎందుకంటే చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. కొందరు పిల్లలకు మొదట కాళ్లతో రెండు పరుగులు తీసి, ఆ సాగుడులో రెండు పాదాలూ పెడళ్ల మీద పెట్టుకోవడం సులువుగా ఉంటుంది. అలా చేస్తే అడ్డు చెప్పకండి.

మొదటి కొద్ది రోజులు పెడళ్లు లేకుండా ఆ సైకిలు బరువుకూ ఎత్తుకూ అలవాటు చేయాలనుకుంటే, 15 మిల్లీమీటర్ల పానా చాలా పెడళ్లకు సరిపోతుంది. ఎడమ పెడలుకు మరలు తిరగబడి ఉంటాయన్నది మరిచి బలవంతంగా తిప్పి పాడుచేసుకున్న క్రాంకులు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. ఏ పక్క పెడలైనా సరే, పానా పిడిని పైకి నిలబెట్టి, సైకిలు వెనక చక్రం వైపుకు లాగితే వదులవుతుంది, ముందు చక్రం వైపుకు లాగితే బిగుస్తుంది. తిరిగి బిగించేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు పానా లేకుండా వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు తిరగడం లేదంటే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, తీసి మళ్లీ పెట్టండి. రెండు మూడు సార్లు తొక్కాక మరోసారి బిగించి చూడండి.